తడిమూతి బండి

వీరేష్‌కు కారు మీద మోజేమీ లేదు. మోజున్నవాడైతే రంగు చూసుకునేవాడు, పాటల పెట్టె చూసుకునేవాడు, అద్దాలకు నల్ల కాగితం అంటించి ఊళ్ళో రెండు చుట్లు తిప్పేవాడు. అతనికి కావలసిందల్లా వాళ్ళమ్మ గిడ్డమ్మ వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకోగలిగిన బండి. దారిలో మొండికెయ్యకూడదు, పెట్రోలు పొదుపుగా తాగాలి. కొత్తదాని ఊసెత్తే తాహతు ఆ ఇంటికి లేదు కాబట్టి ఎవరో వాడుకుని వదిలేసినదే గతి.

పెట్రోలు బండే ఎందుకంటే, డీజిల్ వాసన తగిలితే గిడ్డమ్మకు పేగులు నోట్లోకి వస్తాయి. ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాది దాటింది. వారానికి మూడుసార్లు కర్నూలు ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించాలి. ఊళ్ళో దాన్ని రక్తం కడగడం అంటారు. కోడుమూరుకు అవతల లోపలికి ఉన్న పల్లె నుంచి బస్సులో పోవాలి, పూటంతా సూదులతో మంచం మీద పడుకోవాలి, పిండిన గుడ్డలాగా మళ్ళీ బస్సెక్కి రావాలి. ఒకనాడు తిరుగు బస్సులో కళ్ళు తిరిగి సీట్ల మధ్య పడిపోయింది. చీర తడిసిపోయింది. వెనక సీట్లో ఎవరో నవ్వారు కూడా. ఇంటికొచ్చి మంచంలో గోడవైపు తిరిగి, "ఇంగ నేను బస్సెక్కను. సస్తే ఈడ్నే సస్తా," అంది.

గిడ్డమ్మ అన్నదంటే అన్నదే. రెండు వాయిదాలు ఆసుపత్రికి పోలేదు. ఆ తర్వాత మొహం ఉబ్బి, ఊపిరందక ఎగశ్వాస పడుతుంటే, దొరికిన జీపులో వేసుకుని పరుగెత్తారు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు వీరేష్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆనాటి నుంచి బాడుగ బండ్లే. బాడుగ బండ్లతో కాపురాన్ని ఎన్నాళ్ళని ఈదుతారు? చివరికి ఇంట్లో మిగిలిన ఒక్క జత ఎద్దులను అమ్మేశారు, కారు కొనడానికి.

ఆ ఎద్దులు వీరేష్ నాయన ఉరుకుందప్పవి. ఉరుకుందప్ప నలభై ఏళ్ళు పశువుల బేరాలు చేసిన మనిషి. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దును కొనాలంటే ముందు ఉరుకుందప్పను వెతుక్కునేవారు. దూరాన నిలబడి నడక చూస్తాడు, తోక పట్టి చూస్తాడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, మూపురం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంటాడు. ఆయన ఊ అన్న గొడ్డు చెడిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. అటువంటి మనిషి, ఎద్దులు పోయాక, ఖాళీ గాటి పక్కన కూర్చుని రోజంతా పగ్గాలు పేనుతూ ఉండేవాడు. కట్టడానికి గొడ్డు లేని ఇంట్లో పగ్గాలెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కారు వెతకడం మొదలయ్యాక ఆయన లేచాడు. గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి, "ఎద్దులు నావి. దుడ్లు ఎద్దులవి. బండి నేను సూస్తా," అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు ఇదేం వరస అని వీరేష్‌కు నాలుక చివరిదాకా వచ్చింది. లేచి నిలబడ్డ మనిషిని మళ్ళీ కూర్చోబెట్టడానికి మనసు రాక మింగేశాడు. అక్కడే మొదటి తప్పు జరిగిపోయింది.

నిజానికి మంచి కారు మొదటే దొరికింది. నందికొట్కూరులో సుబ్బయ్య సారు అని, రిటైరైన పంతులు. తెల్ల కారు. బడికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ తిరగలేదు. వీరేష్ స్నేహితుడు రబ్బానీ కర్నూలులో మెకానిక్. అతను బానెట్ లేపి, కింద దూరి, నాలుగు మైళ్ళు నడిపి, బయటికొచ్చి బొటనవేలు చూపించాడు. లీటరుకు ఇరవైకి తక్కువ రాదన్నాడు. వెనక సీటు వెడల్పుగా ఉంది. వీరేష్ దాని మీద చెయ్యి వేసి చూసి, అమ్మ తల ఇటు, కాళ్ళు అటు అని మనసులో పడుకోబెట్టేశాడు కూడా.

సుబ్బయ్య సారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ధర చెప్పాడు. "బేరాలొద్దు. ఇష్టమైతే తీసుకోండి, లేకుంటే లేదు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ ఉరుకుందప్ప లేచి రుమాలు సర్దుకుని గేటు దాటేశాడు.

"నాయినా, రబ్బానీ సూసినాడు గదా. ధర గూడా తక్కువే," అని వీరేష్ వెనకాలే పోయాడు.

"రబ్బానీ బండిని సూసినాడు. నేను మనిషిని సూసినా. బేరానికి సెయ్యియ్యనోడు గొడ్డుకు యాడో కుంటు దాస్తాండాడనే లెక్క. నలభై ఏండ్లు సూసినా లే ఇట్లాటోళ్ళను."

ఆ తెల్ల కారును ఆ వారమే ఆత్మకూరాయన ఎవరో కొనుక్కుపోయాడు.

ఉరుకుందప్ప చూసిన బండి బేతంచెర్లలో ఉంది. వలి సాహెబ్ అని, జాతరల్లో ఆయనకు జోడు. ఇద్దరూ కలిసి ఎన్ని ఎద్దులకు బేరం కుదిర్చారో లెక్కలేదు. వలి సాహెబ్ మేనల్లుడు నిస్సార్‌కు నాపరాళ్ళ పాలిష్ మిల్లు ఉంది. అతని కారు అమ్ముతున్నారని కబురు తెలిసింది. వీరేష్ రబ్బానీని బతిమాలి వెంటబెట్టుకుని పోయాడు. బేతంచెర్లలో ఇళ్ళ మీద, చెట్ల మీద, మనుషుల కనుబొమ్మల మీద కూడా తెల్లగా రాతి దుమ్ము. ఆ దుమ్ములో మిల్లు ముందర ఎర్ర కారు ఒకటి, కడిగి తుడిచి, పెళ్ళికొడుకులాగా నిలబడి ఉంది.

ముసలివాళ్ళిద్దరూ కావలించుకున్నారు. చాయ్ తాగారు. చచ్చిపోయిన ఎద్దులన్నిటినీ పేరుపేరునా తలుచుకున్నారు. ఆ తర్వాత ఉరుకుందప్ప లేచి కారుకు దూరంగా నిలబడ్డాడు. నిస్సార్ చేత అటూ ఇటూ నడిపించి నడక చూశాడు. టైర్లను గిట్టలు నొక్కినట్టు నొక్కాడు. తలుపు తీసి, చెవి ఒగ్గి, మళ్ళీ వేసి చప్పుడు విన్నాడు. ఆఖరుకు వెనక్కి పోయి, గొంతుక్కూర్చుని, పొగగొట్టం మూతిలో వేలు పెట్టాడు. వేలు తడిగా, నున్నగా మెరిసింది. ఆయన మొహం విప్పారింది.

"సూడప్పా వలి సాబూ, మూతి ఎంత తడిగుండాదో. తడిమూతి గొడ్డు రోగమెరగదు."

"సబాష్. ఆ మాట నూటికి నూరుపాళ్ళు," అన్నాడు వలి సాహెబ్.

గొడ్డు విషయంలో అది నిజమే. ముట్టె తడిగా ఉన్న ఎద్దు ఒంట్లో జబ్బు ఉండదు, పొడిబారిందంటే అనుమానించాలి. తరతరాలుగా రుజువైన మాట. కారు విషయంలో అంతకంటే చెడ్డ గుర్తు మరొకటి లేదు.

రబ్బానీ ఆ వేలును చూసి వీరేష్ మోచెయ్యి పట్టి మిల్లు వెనక్కి లాక్కుపోయాడు. "ఇంజను నూనె తాగుతాండాది. లోపలంతా అరిగిపోయింది. ఆ కాలిన నూనే మూతి కాడ తడి. రాళ్ళ దుమ్ము పీల్చిన బండి, వద్దు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ మాట వాళ్ళ ముందర చెప్పు."

"నేనెట్ల చెప్పేది? నా నిఖాకు పెద్దగా నిలబడింది వలి మామ. ఆయన మేనల్లుని బండి బాగలేదని ఆయన వాకిట్లో నిలబడి నేను అంటే, ఇంటికాడ నా పెండ్లాం నాకు కూడు పెడ్తాదా? నువ్వు చెప్పు. మీ నాయినే గదా."

వీరేష్ గబగబా వాకిట్లోకి వచ్చాడు. అప్పటికే వలి సాహెబ్ భుజం మీది తువాలు దిగిపోయింది. దాని కింద రెండు ముసలి చేతులు కలిసి ఉన్నాయి. జాతరలో బేరమంటే అదే మరి. ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుంటారు, విడుస్తారు, మళ్ళీ పట్టుకుంటారు. పక్కనున్నవాడికి కూడా తెలియదు. చెయ్యి విదిలిస్తే కుదరలేదని, గట్టిగా నొక్కితే కుదిరిందని. నొక్కిన చెయ్యిని వెనక్కి తీసుకున్నవాడికి ఇక ఏ జాతరలోనూ ఎవడూ చెయ్యి ఇవ్వడు. గడ్డాలు నెరిసిన ఆ ఇద్దరి కళ్ళల్లో పాతికేళ్ళ నాటి మెరుపు కనిపించింది. వాళ్ళిద్దరిలో ఒక్కరికీ కారు నడపడం రాదు. ఒకరినొకరు మోసం చేసుకోవాలన్న ఆలోచన కలలో కూడా లేదు. ఇంత నిజాయితీగా ఇంత పాడు బేరం ఆ జిల్లాలో మరొకటి జరిగి ఉండదు.

"నాయినా, ఒక్క నిమిషం," అన్నాడు వీరేష్.

ఉరుకుందప్ప ఎడమ చేత్తో ఉండమన్నట్టు సైగ చేశాడు. తువాలు ఒక్కసారి కదిలింది. ముసలివాళ్ళిద్దరూ గట్టిగా ఊపిరి వదిలారు. నొక్కేశారు.

వలి సాహెబ్ చాదస్తపు మనిషి కాదు. కుర్రవాడి మొహం చూసి, "ఏమప్పా వీరేషూ, ఏమన్నా అనుమానముంటే ఇప్పుడే చెప్పు. నిస్సారును అడుగుదాం. మాటలో దాపరికమెందుకు," అన్నాడు.

అందరూ వీరేష్ వైపు తిరిగారు. నిస్సార్ మాత్రం చెప్పుతో దుమ్ము గీకుతూ నేల చూశాడు. అతనికి తెలుసు. మామ నోరు తెరిచాక అల్లుడు నోరు తెరిచే ఇల్లు కాదది. రబ్బానీ గోడ మీద ఏదో రాసి ఉన్నట్టు చదువుతున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వీరేష్ నాయన మొహం చూశాడు. ఎద్దులు పోయాక ఆ మొహం మీద నవ్వు చూడడం అదే మొదలు. నీ కన్ను తప్పింది నాయినా, ఇక నీకేమీ తెలియదు నాయినా అని, ఆయన జోడు ఎదుట, ఆయన నొక్కిన చెయ్యి ఇంకా వెచ్చగా ఉండగానే ఎలా అనడం?

"ఏమీ లేదు సాబూ. టైర్లు ఎప్పుడు మార్చినారో అడుగుదామని," అన్నాడు.

"పోయిన యేడే," అన్నాడు నిస్సార్ నేల చూస్తూనే. ఆ మాట నిజమే.

కారు ఇంటికొచ్చింది. ముందర నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. మొదటి వాయిదాకు గిడ్డమ్మ వెనక సీట్లో దుప్పటి పరుచుకుని పడుకుంది. కొంత దూరం పోయాక లేచి కూర్చుంది. అద్దం దింపమంది. సజ్జ చేలు చూసి, ఇది ఫలానా వాళ్ళది, పోయినేడు దీంట్లో ఆముదాలేసినారు అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మనిషి గొంతు అంత సేపు వినబడి ఎన్నాళ్ళయిందో. తిరుగు ప్రయాణంలో పడుకుని నిద్రపోయింది. ఇల్లొచ్చాక, "మంచం మీదున్నట్టే ఉండాది. ఇట్లయితే ఎన్ని దినాలైనా పోతా," అంది. ముందు సీట్లో ఉరుకుందప్ప ఆ మాట విని వెనక్కి తిరగలేదు. కిటికీ వైపు మొహం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. వీరేష్‌కు కూడా కడుపు నిండినట్టయింది. రబ్బానీ భయపడ్డాడేమో, ఇనుము గదా, మనం చూసుకుంటే అదే నడుస్తుంది అనుకున్నాడు. ఆశకు సిగ్గెక్కడిది.

ఆ తర్వాత వీరేష్‌కు దొంగ బతుకు మొదలైంది. నాయన లేవకముందే లేచి బానెట్ తీసి ఇంజనులో నూనె పోసేవాడు. నూనె డబ్బాను ఖాళీ కొట్టంలో వరిగడ్డి కింద దాచేవాడు. వారం వారం డబ్బాలు తొందరగా ఖాళీ అవుతున్నాయి. వెనకాల నీలిరంగు పొగ పొడవు పెరుగుతోంది. పెట్రోలు పొదుపు మాట దేవుడెరుగు, రెండు కడుపులకు మేపుతున్నట్టుంది. అటు ఉరుకుందప్ప చాయ్ అంగడి దగ్గర, "నా ఎద్దులు యాడికీ పోలేదప్పా, ఎర్రగై వాకిట్లో నిలబడినాయి," అని చెప్పుకుంటున్నాడు.

"మామకు చెప్పు. ఇంగా లేటైతే దారిలో ఆగిపోతాది," అంది వీరేష్ భార్య శివజ్యోతి.

"నువ్వు చెప్పు."

"కోడలు చెప్పే మాటనా ఇది?"

"కొడుకు చెప్పే మాట గూడా కాదు," అన్నాడు వీరేష్. మొహమాటానికి పోతే కడుపొచ్చిందట. అతని సంగతి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు.

ఒక మంగళవారం పొద్దున కోడుమూరు దాటి కర్నూలు దారిలో పోతుండగా ఇంజనులో కడకడమని చప్పుడు మొదలైంది. వీరేష్ పాటలు పెట్టి ఆ చప్పుడును మూసేద్దామనుకున్నాడు. అంత అమాయకపు పని కూడా మనిషి చేస్తాడు. ఎక్కువ దూరం పోలేదు. లోపల ఏదో గట్టిగా పట్టేసినట్టయింది. బండి ఒక్కసారి ముందుకు ఊగి నిలబడిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. ఇంజను చచ్చిపోయిందని వీరేష్‌కు ఆ క్షణమే తెలుసు.

రోడ్డుకు అటూ ఇటూ ఎండిన చేలు. నీడ లేదు. పదింటికి ఆసుపత్రిలో ఉండాలి. దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. గిడ్డమ్మ దుప్పట్లో అలాగే పడుకుని ఉంది. ముందటి వాయిదా ఒకటి, మిషన్ ఖాళీ లేక, అప్పటికే తప్పింది. కాళ్ళు దిండ్లలాగా ఉబ్బి ఉన్నాయి. ఊపిరి తీసిన ప్రతిసారీ గొంతులో చిన్న గురక వినిపిస్తోంది.

వీరేష్ ఊళ్ళో బాడుగ జీపువాడికి ఫోన్ చేశాడు. పెళ్ళివాళ్ళను తీసుకుని ఆదోనికి పోయాడట. రబ్బానీకి చేశాడు. "వస్తాండా, వస్తాండా. కానీ గంటన్నర పడ్తాది," అన్నాడు రబ్బానీ. అంబులెన్సుకు చేస్తే బండి ఇంకో కేసుకు పోయింది, రాగానే పంపుతామన్నారు. దారిన పోయే ఆటోలను చెయ్యెత్తి ఆపాడు. పత్తి చేలకు పోయే ఆడవాళ్ళతో నిండిపోయి, అడుగుభాగాలు నేలకు ఆనుతున్నాయి. ఒకామె జాలిగా చూసి తల తిప్పుకుంది.

ఉరుకుందప్ప కారు ముందర నిలబడి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. కాలింది. అయినా తియ్యలేదు. కొడుకు వైపు చూడకుండా అడిగాడు.

"నీకు తెలుసునా?"

వీరేష్ నాయన చెయ్యిని బానెట్ మీంచి తియ్యబోయాడు.

"గడ్డి కింద డబ్బాలు సూసినా నేను. ఏమో అనుకున్యా. అడిగితే ఏం చెప్తావో అని అడగలా." "ఎద్దయితే తెలుస్తాండెరా. దీనికి కండ్లు ల్యా, ఏడుపు ల్యా. నాకేం తెలుస్తాది?"

ఇన్నాళ్ళూ కొడుకు దాచాడు, ఆ దాచింది చూసిన సంగతిని తండ్రి దాచాడు. వీరేష్‌కు ఏడుపు వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

అప్పుడే కోడుమూరు వైపు నుంచి బస్సు వచ్చింది. వీరేష్ చెయ్యెత్తకముందే అదే ఆగింది. పాడైన కారును, లోపల పడుకున్న ముసలామెను డ్రైవరు చూసినట్టున్నాడు. మంచివాడే. కండక్టరు మెట్ల మీదికి వచ్చి, "ఆసుపత్రికేనా? ఎక్కించండి. సీటు మాత్రం ల్యా. మెట్ల కాడ నిలబడాల. ఎవురన్నా లేస్తే ఇప్పిస్తా," అన్నాడు. వాకిలిదాకా జనం ఉన్నారు. కింద ఇంజను గరగరమంటూ నల్లటి పొగ వదులుతోంది. ఆ పొగ నేరుగా కారు కిటికీలోకి వచ్చింది.

వీరేష్ వెనక తలుపు తీశాడు. "అమ్మా," అన్నాడు. పట్టుకుని లేపితే నిలబడుతుంది. నిలబడి, ఆ జనంలో, ఆ వాసనలో, కర్నూలుదాకా ఉంటుందా? మళ్ళీ ఆ సీట్ల మధ్య పడితే? ఎక్కించకపోతే? డాక్టరు చెప్పిన మాట చెవిలో వినబడుతూనే ఉంది.

గిడ్డమ్మ కొడుకును దాటి మొగుడి వైపు చూసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఏ చేలో ఏ విత్తనం వెయ్యాలో, ఏ గొడ్డును ఉంచాలో, దేన్ని అమ్మాలో చెప్పింది ఆ మనిషే. ఆమె ఎన్నడూ కాదనలేదు. చెంగుతో ముక్కు మూసుకుని, ఆగి ఆగి, "నువ్వు చెప్పు. ఎక్కమంటే ఎక్కుతా," అంది.

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. అదే ఉరుకుందప్పను పడగొట్టింది. ఎంత పెద్ద ఎద్దునైనా ఒక్క చూపుతో లెక్కగట్టిన కళ్ళు బస్సును చూశాయి, భార్య కాళ్ళను చూశాయి, మళ్ళీ బస్సును చూశాయి.

"నన్నడగొద్దు మే," అన్నాడు. "నేను చెప్పిందే గదా ఇది." కారును చూపించాడు. "వీరేషా, నువ్వు చెప్పరా. ఈసారి నువ్వు చెప్పు. నువ్వేం చెప్తే అదే."

ఆ మాట కోసం వీరేష్ ఎన్నేళ్ళు ఎదురుచూశాడో. చేను దగ్గర, బోరు వేయించేటప్పుడు, మొన్న నందికొట్కూరులో, ఒక్కసారైనా నాయన తనను అడిగితే బాగుండునని. ఇప్పుడు అడిగాడు. వీరేష్ తల్లి చంక కింద చెయ్యి వేశాడు. ఒళ్ళంతా నీటితో బరువుగా ఉంది, చర్మం చల్లగా ఉంది. కొంచెం లేపాడు. ఆమె గొంతులో గురక పెద్దదైంది. భయపడి మళ్ళీ దుప్పటి మీదికి వాల్చాడు. మళ్ళీ లేపబోయాడు.

"ఎక్కుతారా లేదాప్పా? లోపల అందరికీ లేటవుతాండాది," అన్నాడు కండక్టరు. విసుగు లేదు ఆ గొంతులో. కాసేపు ఆగాడు కూడా. లోపలి నుంచి ఎవరో పోనీమని అరిచారు. ముగ్గురిలో ఎవరూ పలకలేదు. కండక్టరు ఇంకొకసారి వాళ్ళ మొహాలు చూసి, తల దించుకుని విజిల్ ఊదాడు.

బస్సు కదిలింది. గిడ్డమ్మ కళ్ళు మూసుకుని ఉంది. చప్పుడు దూరమైపోయి, రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ మిగలకుండా పోయేదాకా తెరవలేదు.

"పోయిందా?" అని అడిగింది.

"పోయింది," అన్నాడు ఉరుకుందప్ప.